సాగదీసిన రబ్బరు గురించి ఇంకా తెలియనిదేముంది? దానికి ఇన్ని దేశాల ల్యాబ్‌లు ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాలిమర్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చేసి టైర్ల కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం) ల్యాబ్‌లో పని చేస్తున్నారు. యూరప్, జపాన్ ల్యాబ్‌లు కలిసి నడిపే ఎలాస్టోమర్ (రబ్బరులా సాగే పదార్థం) ప్రాజెక్టులో పీహెచ్‌డీకి అవకాశం వచ్చింది. రబ్బరును లాగి కొలవడం ఎప్పటినుంచో ఉన్న పనే కదా, ఇందులో కొత్తగా కనుక్కోవలసింది ఏముంది, అంత మంది కలవాల్సిన అవసరం ఏమిటి, ఉద్యోగం వదిలి వెళ్లడం తెలివైన పనేనా అని మీ సందేహం.

నా సలహా వెళ్లమనే. ఎందుకో వివరంగా చెబుతాను. రబ్బరు మెకానిక్స్‌లో చాలా కాలంగా పని చేస్తున్నాను, ఇలాంటి ఉమ్మడి ప్రాజెక్టులను లోపలి నుంచి చూశాను. అవి ఎక్కడ ఫలిస్తాయో, ఎక్కడ చెడతాయో కూడా చెబుతాను.

ముందు, తెలిసిన సంగతి ఎంతవరకు తెలుసో చూద్దాం. ఇంగ్లండ్‌లోని కెండల్ ఊళ్లో జాన్ గఫ్ అనే ఆయన ఉండేవారు. చిన్నప్పుడే మశూచితో చూపు పోయింది. రబ్బరు ముక్కను పెదవులకు ఆనించి గబుక్కున లాగితే వెచ్చబడుతుందని, వదిలితే చల్లబడుతుందని, బరువు వేలాడదీసిన రబ్బరును వేడి చేస్తే అది కుంచించుకుంటుందని ఆయన 1805లో ప్రచురించారు. 1859లో జౌల్ దాన్ని కొలిచి అంకెలతో నిరూపించారు. వెడల్పాటి రబ్బరు బ్యాండ్ ఉంటే మీరూ ఇప్పుడే చేసి చూడొచ్చు. ఉక్కు స్ప్రింగు ఇలా ప్రవర్తించదు. స్ప్రింగును లాగితే పరమాణువుల మధ్య దూరాలు మారి, శక్తి అక్కడ నిల్వ ఉంటుంది. రబ్బరులో అలా కాదు. చుట్టలు చుట్టుకుని ఉండే పొడవాటి పాలిమర్ అణువు, అంటే గొలుసు, ఎన్నో రకాలుగా వంపులు తిరగగలదు. లాగినప్పుడు ఆ రకాల సంఖ్య తగ్గిపోతుంది. తిరిగి ఎక్కువ రకాలుగా ఉండగలిగే స్థితికి వెళ్లాలనే ధోరణే మనకు బలంగా తెలుస్తుంది. 1930ల్లో కూన్, గుత్, మార్క్ లాంటివాళ్లు దీన్ని లెక్కల్లో పెట్టారు. అందుకే ఉష్ణోగ్రత పెరిగితే ఆదర్శ రబ్బరు మెత్తబడదు, ఇంకా బిగుస్తుంది.

1944లో ట్రెలోర్ సహజ రబ్బరును ఒక దిశలో, రెండు దిశల్లో, షియర్‌లో (పక్కకు జరిపే తీరులో) లాగి చూపిన వక్రరేఖలు ఈ రంగానికి పునాది. అసలు పొడవుకు ఏడు రెట్లు దాటేదాకా లాగారాయన. గొలుసుల సిద్ధాంతం చిన్న సాగుళ్లలో బాగా సరిపోయింది. మధ్యలో కొలత కన్నా ఎక్కువ చూపింది. చివర్లో గొలుసులు పూర్తిగా విప్పుకుని వక్రరేఖ నిట్టనిలువుగా లేచినప్పుడు సిద్ధాంతం వెనకబడింది. ఆ తేడాను పూడ్చడానికి రివ్లిన్, 1972లో ఆగ్డెన్, 1993లో అరూడా, బాయ్స్ మోడళ్లు ఇచ్చారు. ఈనాటికీ కొత్త మోడల్ ప్రతిపాదించేవాళ్లు ట్రెలోర్ వక్రరేఖ మీదే ముందు పరీక్షిస్తారు. మీకు వచ్చిన ప్రాజెక్టు కేవలం ఇంకో మోడల్ తయారుచేసి ఆ గీత మీద కూర్చోబెట్టడమే అయితే, అందుకోసం ఉద్యోగం వదలొద్దని నిక్కచ్చిగా చెబుతాను. ఆ దారిలో ఇప్పటికే బోలెడన్ని మోడళ్లున్నాయి.

అసలు తెలియనిది వేరే చోట ఉంది. రబ్బరు ఎలా సాగుతుందో మనకు చాలావరకు తెలుసు. ఎలా చిరుగుతుందో మాత్రం చాలా కాలం ఊహతోనే నడిచింది.

ఇంగ్లండ్‌లోని వెల్విన్ గార్డెన్ సిటీలో సహజ రబ్బరు ఉత్పత్తిదారుల పరిశోధన సంస్థ ఉండేది. అక్కడి లేక్, థామస్ 1967లో ఒక అందమైన వాదన ఇచ్చారు. పగులు ముందుకు సాగాలంటే దానికి అడ్డంగా ఉన్న గొలుసులు తెగాలి. గొలుసులో తెగేది ఒక్క బంధమే. కానీ అది తెగే క్షణానికి ఆ గొలుసులోని బంధాలన్నీ దాదాపు తెగే స్థాయికి బిగిసి ఉంటాయి, ఒకటి తెగగానే అన్నిట్లో దాచిన శక్తీ వృథా అవుతుంది. ఈ లెక్కతో వచ్చే విలువ చదరపు మీటరుకు కొన్ని పదుల జౌళ్లు. అతి నెమ్మదిగా, రాపిడి దాదాపు లేకుండా చింపితే కొలతలు దానికి దగ్గరగానే వస్తాయి. మామూలు వేగంతో చింపితే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. ఆ మిగతాదంతా గొలుసుల మధ్య రాపిడి వల్ల, అంటే విస్కోఎలాస్టిక్ నష్టం వల్ల అని అందరూ అనుకున్నారు. తెగే బంధాల సంఖ్య మాత్రం వేగంతో, ఉష్ణోగ్రతతో మారదని అనుకుని లెక్కలు కట్టారు. అది నిజమో కాదో చూసే మార్గమే లేదు. తెగిన బంధం కంటికి కనబడదు కదా.

దాన్ని కనబడేలా చేసిన కథే మీ రెండో ప్రశ్నకు, అంటే ఇన్ని దేశాలు ఎందుకు అన్నదానికి, నేనివ్వగల మంచి జవాబు.

2003లో జపాన్‌లోని హొక్కయిడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం డబుల్ నెట్‌వర్క్ జెల్ ప్రకటించింది. దాదాపు 90 శాతం నీరే ఉన్నా గట్టిగా నిలబడే జెల్ అది. కిటుకు ఏమిటంటే, ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు వలలు. మొదటిది ముందే బాగా విప్పారి, పెళుసుగా ఉంటుంది. రెండోది వదులుగా, సాగేదిగా ఉంటుంది. లాగినప్పుడు మొదటి వలలోని గొలుసులు అక్కడక్కడా తెగుతూ శక్తిని మింగేస్తాయి, రెండోది మొత్తాన్ని పట్టి ఉంచుతుంది. బలి అయ్యే బంధాలు అనే మాట ఈ రంగంలో అలా స్థిరపడింది.

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రింట్ సైబెస్మా బృందం పూర్తిగా వేరే పని మీద ఉంది. డయాక్సిటేన్ అనే నాలుగు పరమాణువుల వలయాన్ని పాలిమర్ గొలుసు మధ్యలో పెట్టి, గొలుసును లాగితే ఆ వలయం తెగి కాంతి వెలువడుతుందని వాళ్లు 2012లో చూపించారు. రసాయన శాస్త్రం దృష్ట్యా అదే గొప్ప విషయం. అయితే దాన్ని పగులు ముందు పెట్టి చూడాలంటే పగుళ్ల మెకానిక్స్ తెలిసిన చేతులు కావాలి.

పారిస్‌లోని ఈఎస్‌పీసీఐ అనే సైన్స్, ఇంజనీరింగ్ విద్యాసంస్థలో కోస్టాంటినో క్రెటన్ బృందానికి ఆ చేతులున్నాయి. వాళ్లు జెల్‌లోని ఆలోచనను నీళ్లు లేని రబ్బరుకు తెచ్చారు. అక్రిలేట్ వలను తయారుచేయడం, దాన్ని మరో మోనోమర్‌లో (పాలిమర్‌గా మారే చిన్న అణువుల ద్రవంలో) ఉబ్బించి గొలుసులన్నిటినీ అన్ని దిశల్లో సాగదీయడం, ఆ మోనోమర్‌ను అక్కడే పాలిమర్‌గా మార్చడం, అవసరమైతే ఇదే మళ్లీ చేయడం. మొదటి వలలో గొలుసులను ముడివేసే క్రాస్‌లింకులుగా డయాక్సిటేన్ పెట్టారు. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ పేపర్లో, కార్బన్ బ్లాక్ కానీ సిలికా కానీ రబ్బరును గట్టిపరచే ఏ ఫిల్లర్ పొడీ లేని పెళుసు ఎలాస్టోమర్‌ను 4 మెగాపాస్కళ్ల స్టిఫ్‌నెస్, చదరపు మీటరుకు 9 కిలోజౌళ్ల చిరుగు శక్తి దాకా తీసుకెళ్లారు. అంతకన్నా ముఖ్యంగా, పగులు సాగుతుంటే దాని ముందు భాగంలో బంధాలు ఎప్పుడు, ఎక్కడ తెగుతున్నాయో ఆ కాంతి అప్పటికప్పుడు పటం గీసి చూపించింది. నేను ఈ రంగంలో చదివిన పేపర్లలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. లేక్, థామస్ కాగితం మీద ఊహించిన చోటు అక్కడ వెలుగుతూ కనబడింది.

తర్వాతి అడుగు జర్మనీతో పడింది. డయాక్సిటేన్ కాంతి వెలిగి ఆరిపోతుంది, కాబట్టి తెగిన బంధాలను తీరిగ్గా లెక్కపెట్టలేం. ఆఖెన్‌లో రాబర్ట్ గ్యోస్ట్‌ల్ మెకానోఫోర్ల మీద, అంటే లాగుడుకు స్పందించి మారే అణువుల మీద, పని చేసేవారు. ఆయన వాడిన రకం అణువు తెగాక ఫ్లోరెసెంట్‌గా మారి అలాగే మిగిలిపోతుంది. చింపిన ముక్కను కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ కింద పెట్టి ఎన్ని తెగాయో కొలవచ్చు. ఈ కలయికతో 2020లో వచ్చిన పేపర్ పాత నమ్మకాన్ని కదిలించింది. మామూలు ఎలాస్టోమర్‌లో కూడా తెగే బంధాలు పగులు గీత పక్కనే ఉండిపోవు, వందల మైక్రోమీటర్ల దూరం దాకా వ్యాపించగలవు. లాగే వేగాన్ని, ఉష్ణోగ్రతను బట్టి వాటి సంఖ్య 100 రెట్ల దాకా మారుతుంది. అంటే రాపిడి, బంధాల తెగడం రెండూ వేరువేరు ఖాతాలు కావు, ఒకదాన్ని ఒకటి పెంచుకుంటాయి. టైర్ల కాంపౌండ్ చేసేవాళ్లకు దీని అర్థం మీకు వేరే చెప్పక్కర్లేదు. పైకి ఏ పగులూ కనబడని చోట కూడా లోపల వల కొంత తెగిపోయి ఉండొచ్చు.

ఈ మొత్తంలో ఏ ఒక్క ల్యాబూ మిగతావాళ్ల పని చేయలేకపోయేది. డయాక్సిటేన్ సంశ్లేషణ నేర్చుకోవడానికి ఒక మెకానిక్స్ విద్యార్థికి ఏళ్లు పడతాయి. సరైన పగులు ప్రయోగం చేయడం ఒక కెమిస్టుకు అంతే కష్టం. మరి దేశాలు దాటి ఎందుకంటే, ఇలాంటి అణువు చేయగల చోట్లు ప్రపంచం మొత్తం మీద కొన్నే ఉంటాయి, అవన్నీ ఒకే దేశంలో ఉండవు.

ఇంకో దారి కూడా ఉంది, అది మీ టైర్ల పనికి ఇంకా దగ్గర. 1925లో కాట్జ్ సాగదీసిన సహజ రబ్బరు మీదికి ఎక్స్-కిరణాలు పంపితే, స్ఫటికాల్లో వచ్చేలాంటి చుక్కలు కనబడ్డాయి. వదిలేస్తే మాయమయ్యాయి. గది ఉష్ణోగ్రతలో, ఫిల్లర్ లేకుండా వల్కనైజ్ చేసిన (గంధకంతో గొలుసులను ముడివేసిన) సహజ రబ్బరులో ఇది దాదాపు నాలుగు రెట్ల సాగుడు దగ్గర మొదలవుతుంది. తిరిగి వదిలేటప్పుడు అంతకన్నా తక్కువ సాగుడు దాకా స్ఫటికాలు కరగవు, హిస్టెరిసిస్‌లో, అంటే లాగి వదిలేటప్పుడు పోయే శక్తిలో, పెద్ద వాటా దానిదే. పగులు మొన దగ్గర సాగుడు ఎక్కువ కాబట్టి అక్కడే స్ఫటికాలు ఏర్పడి దాన్ని ఆపుతాయి. లారీ, విమానం టైర్లలో సహజ రబ్బరును ఇప్పటికీ వదలలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. 2000 తర్వాత అమెరికాలోని బ్రూక్‌హేవెన్, జపాన్‌లోని స్ప్రింగ్-8 సింక్రోట్రాన్ల (చాలా తీవ్రమైన ఎక్స్-కిరణాలిచ్చే యంత్రాల) దగ్గర రబ్బరును లాగుతూనే ఎక్స్-కిరణ చిత్రాలు తీయడం సాధ్యమైంది. బాగా సాగదీసినా గొలుసుల్లో పెద్ద భాగం ఏ వరుసా లేకుండానే ఉండిపోతుందని, కొద్ది భాగమే బిగిసి స్ఫటికాలవుతుందని అక్కడ తేలింది. గొలుసులన్నీ సమానంగా సాగుతాయన్న పాఠ్యపుస్తకం బొమ్మకు ఇది పెద్ద సవరణ.

మన దగ్గర ఇందౌర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది. జపాన్‌లోని త్సుకుబాలో భారతీయ బీమ్‌లైన్ (సింక్రోట్రాన్ కిరణాలతో ప్రయోగాలు చేసే కేంద్రం) నడిచింది, జర్మనీలోని హాంబుర్గ్‌లో పెట్రా-3 వాడుకోవడానికి కూడా భారత ప్రభుత్వ ఒప్పందం ఉంది. బీమ్ టైమ్ (ఆ కిరణాలు వాడుకునే సమయం) కోసం దరఖాస్తు రాయడం నేర్చుకున్న విద్యార్థి తిరిగి వచ్చాక ఖరగ్‌పుర్ ఐఐటీ రబ్బర్ టెక్నాలజీ సెంటర్‌లోనో, కొట్టాయంలోని రబ్బరు పరిశోధన సంస్థలోనో, మీ కంపెనీలోనో ఎంత ఉపయోగపడతాడో ఊహించండి.

ఇక ఇలాంటి ఉమ్మడి పని ఎక్కడ చెడుతుందో చెబుతాను. డబ్బు దగ్గరో, పేర్ల వరుస దగ్గరో అనుకుంటారు చాలామంది. అవీ ఉంటాయి. కానీ నేను చూసినంతలో ఎక్కువ నష్టం జరిగేది శాంపిల్ దగ్గర. రబ్బరుకు తన గతం గుర్తుంటుంది. ఒకసారి లాగి వదిలిన ఫిల్లర్ రబ్బరు రెండోసారి మెత్తగా ఉంటుంది, మొదట లాగినంత దూరం దాటితేనే పాత గీతను మళ్లీ అందుకుంటుంది. 1940ల చివర్లో మల్లిన్స్ వివరంగా అధ్యయనం చేసిన ఈ ప్రభావాన్ని కాంపౌండ్ ల్యాబ్‌లో మీరు రోజూ చూస్తూనే ఉంటారు. నేను ఉన్న ఒక ప్రాజెక్టులో ఒకే షీటు నుంచి కోసిన ముక్కలకు రెండు దేశాల ల్యాబ్‌లలో మాడ్యులస్ (సాగకుండా నిలిచే బిగువు కొలత) పొంతన లేకుండా వచ్చింది. నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి, ఒకరి మిషన్ మీద ఒకరికి అనుమానం, అందరికీ టెన్షన్. చివరికి తేలింది ఏమిటంటే, ఒకరు మొదటి లాగుడు రిపోర్ట్ చేశారు, ఇంకొకరు కొన్ని సైకిళ్లు తిప్పి స్థిరపడ్డాక వచ్చిన గీతను రిపోర్ట్ చేశారు. ఇద్దరూ సరిగ్గానే కొలిచారు. ఏది కొలవాలో ముందు కాగితం మీద రాసుకోలేదు, అంతే.

ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణమే ల్యాబ్ ఉష్ణోగ్రతగా 23 డిగ్రీలు, ఉష్ణ దేశాలకు 27 డిగ్రీలు అని రెండు విలువలు అనుమతిస్తుంది. మన ల్యాబ్‌లో 27, పారిస్‌లో 23 ఉంటే, స్ఫటికీకరణ మొదలయ్యే సాగుడు కొద్దిగా జరుగుతుంది, రెండింటినీ ఒకే గ్రాఫ్ మీద వేయకూడదు. క్యూరింగ్, అంటే వల్కనైజ్ చేయడం, అయ్యాక పరీక్షకు ముందు కనీసం 16 గంటలు ఆగాలి, ఆగారో లేదో రాయాలి. పరీక్ష ముక్కకు ఐఎస్ఓ 37 చెప్పే డంబెల్ ఆకారం, అమెరికా ప్రమాణమైన ఏఎస్‌టీఎం డీ412 చెప్పే ఆకారం ఒకటి కావు. సాగుడును గ్రిప్పుల కదలికతో కొలిచారా, ముక్క మీద గుర్తులు పెట్టి కెమెరాతో కొలిచారా అన్నది పెద్ద తేడా. గ్రిప్పుల దగ్గర ముక్క జారుతుంది, డంబెల్ భుజాలు కూడా సాగుతాయి. ఒకరు 400 శాతం స్ట్రెయిన్ అంటారు, ఇంకొకరు సాగుడు నిష్పత్తి 5 అంటారు, రెండూ ఒకటే. ఆ సాగుడు దగ్గర అసలు వైశాల్యంతో లెక్కించిన స్ట్రెస్‌కూ (వైశాల్యానికి ఇంత అని చెప్పే బలం), అప్పటి వైశాల్యంతో లెక్కించిన స్ట్రెస్‌కూ మధ్య ఐదు రెట్ల తేడా ఉంటుంది. గ్రాఫ్ అక్షం మీద ఒట్టి స్ట్రెస్ అని రాసి పంపే ఫైళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. దాని మీద మోడల్ కట్టే మూడో దేశపు విద్యార్థి ఏడాది కష్టం దాంతో వృథా అవ్వొచ్చు.

సరిగ్గా ఇక్కడే మీ విలువ. మిక్సింగ్, రెండు రోల్ మిల్లు, క్యూర్ అవుతుంటే బిగువును చూపే రియోమీటర్ గీత, టీ90 (90 శాతం క్యూర్‌కు పట్టే సమయం), స్కార్చ్ (ముందుగానే క్యూర్ మొదలవడం), క్యూర్ ఎక్కువైతే మళ్లీ మెత్తబడే రివర్షన్, ఇవి మీకు చేతి మీద తెలిసిన పనులు. మంచి పేరున్న విశ్వవిద్యాలయ ల్యాబ్‌లలో కూడా వీటి మీద అనుభవం ఉన్నవాళ్లు తక్కువ. అందరి శాంపిళ్లూ ఒకే బ్యాచ్ నుంచి, ఒకే క్యూర్‌తో, పూర్తి చరిత్రతో వెళ్లేలా చూసే మనిషి ప్రాజెక్టుకు ఇరుసు అవుతాడు. పీహెచ్‌డీ విద్యార్థి అయినా సరే. మొదటి ఆర్నెల్లలో ఆ బాధ్యత మీరే అడిగి తీసుకోండి.

ఒప్పుకునే ముందు వాళ్లను కొన్ని సూటిగా అడగండి. సంకోచం వద్దు, మంచి ప్రొఫెసర్లు ఇలా అడిగేవాళ్లనే ఇష్టపడతారు. పదార్థం ఎవరు తయారు చేస్తారు, ఆ మనిషి వెళ్లిపోతే ఇంకెవరికి వచ్చు? మెకానోఫోర్ మీద ఆధారపడే థీసిస్ అయితే ఇది ప్రాణంతో సమానం, గ్రాముల్లో దొరికే అణువు అది. మీరు ఎన్ని నెలలు ఏ ల్యాబ్‌లో ఉంటారు, ఆ నెలల ఖర్చు ఎవరిది? కంపెనీ భాగస్వామి ఉంటే ఫార్ములా బయటపెట్టనిస్తారా, పేపర్ ఆపే హక్కు వాళ్లకు ఎన్నాళ్లు ఉంటుంది? మీ ప్రస్తుత కంపెనీతో ఉన్న గోప్యత ఒప్పందాన్ని కూడా ఇప్పుడే తీసి చదువుకోండి. అక్కడి రెసిపీ ఒక్కటి కూడా కొత్త ల్యాబ్ నోట్‌బుక్‌లోకి రాకూడదు. సహజ రబ్బరు, గంధకం, క్యూరింగ్‌ను వేగిరపరిచే ఒక యాక్సిలరేటర్‌తో అందరికీ తెలిసిన సాదా కాంపౌండ్ నుంచే మొదలుపెట్టండి, సైన్సుకు కూడా అదే మంచిది.

నిధులు యూరోపియన్ యూనియన్ వాళ్ల మేరీ స్క్లొడొవ్‌స్కా క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ నుంచి అయితే భారతీయులకు అడ్డేమీ లేదు. ఉద్యోగ ఒప్పందంతో జీతం ఇస్తారు. చేరే తేదీకి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు, అప్పటికే డాక్టరేట్ ఉండకూడదు, ముఖ్యమైన షరతులు ఇవి. ఇక్కడే పీహెచ్‌డీలో చేరి కొన్నాళ్లు ఫ్రాన్స్ వెళ్లే దారి కావాలంటే, 1987 నుంచి ఢిల్లీలో పనిచేస్తున్న ఇండో-ఫ్రెంచ్ కేంద్రం వాళ్ల రామన్-చార్పాక్ ఫెలోషిప్ చూడండి. ఇంటి బాధ్యతల వల్ల మూడు నాలుగేళ్లు బయట ఉండలేనివాళ్లకు అది నయం.

జవాబు పంపే ముందు ఆ బృందం చివరి రెండు మూడు పేపర్లు తెచ్చుకుని, ప్రయోగ పద్ధతుల భాగం మాత్రం మెల్లగా చదవండి. శాంపిల్ ఎన్నోసారి లాగింది, ఏ వేగం, ఏ ఉష్ణోగ్రత, సాగుడు ఎలా కొలిచారు అన్న నాలుగూ అందులో దొరికితే, ఆ ల్యాబ్‌లో మీకు పని నేర్పేవాళ్లున్నారు. దొరక్కపోతే ఆ నాలుగింటినే ఈమెయిల్‌లో అడగండి. వచ్చే జవాబును బట్టి మీరే తేల్చుకోగలరు.